సూదులు కనబడ్డాక

ఆ గదిలో ఉన్నవి: నులక మంచాలు నాలుగు, వాటిలో ఒకటి కోడు విరిగి ఇటుకల మీద నిలబెట్టింది. స్టీలు ట్రే ఒకటి. స్పిరిట్ సీసా, దూది ఉండలు, వాడేసిన సూదులు వేయడానికి మూతున్న గాజు సీసా. గోడకు మేకులతో కొట్టిన పటం. అందులో బట్టల్లేని మనిషి, ఒంటి నిండా గీతలు, గీతల మీద చుక్కలు, చుక్కల పక్కన చైనా అక్షరాలు. ఉన్నవాళ్లు: సూదులు వేసే ఆయన, మా అమ్మ, మా వదిన, ఊరిపెద్ద, కిటికీ ఊచలకు ముఖాలు ఆనించిన ఆడవాళ్లు కొందరు, నేను. మూడో మంచం మీద మా అన్నయ్య. అతని నడినెత్తిన ఒక సూది, కనుబొమల మధ్య ఒకటి, మణికట్ల దగ్గర రెండు, మోకాళ్ల కింద రెండు, పాదాల మీద రెండు.

ఊరిపెద్ద వంగి వేలితో గాలిలో లెక్కపెట్టాడు.

"ఎనిమిది. ఎనిమిది దింపినా గుంటడు కిక్కురుమన్నేదు," అన్నాడు కిటికీ వైపు తిరిగి. "అయితే జబ్బు నిజమేనర్రా."

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అంతకు ముందు రెండు నెలలుగా మా అన్నయ్య చావుకు దగ్గరగా జరుగుతున్నాడు. నేను ఆ మాట ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఎనిమిది సూదులు చెప్పగానే నమ్మారు.

అది 2002 చివర, కాఫీ పండు కోతకొచ్చిన చలికాలం. అరకు నుంచి కొంత దూరం జీపులో వెళ్లి, అక్కడి నుంచి నడిచి కొండెక్కితే మా ఊరు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఘాట్ దిగువన ఎస్.కోటలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా చేరాను. లైన్లలో లోపాలు వెతకడం నా పని. లోపం ఎక్కడుందో ముందు తేల్చాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. మాకు మొదటి రోజు నేర్పిన మాట అది. ఆ తర్వాత నేర్పినవన్నీ దాని కిందే వస్తాయి.

అన్నయ్య నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నాన్న పోయాక ఇల్లు నడిపింది అతనే, నన్ను చదివించింది అతనే. మాకు కొంచెం కాఫీ తోట ఉంది. నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదకు పాకించిన మిరియాల తీగలు, పై వాలులో చోడి, అంటే రాగి, చేను. ఆ ఏడాది వానలు వెనకపట్టినప్పటి నుంచి అన్నయ్య మారాడు. ఏ వరసలో మారాడో నాకు బాగా గుర్తు. మొదట నిద్ర పోయింది. కోడి కూయకముందే లేచి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. తర్వాత తిండి. అంబలి గిన్నె చేతిలో పట్టుకుని అది చల్లారి మీగడ కట్టేదాకా చూస్తూ ఉండేవాడు. తర్వాత మాట. అడిగినదానికి జవాబు వచ్చేది కానీ, మనం అడిగింది మరిచిపోయాక వచ్చేది. చివరికి మంచం మీంచి లేవడం మానేశాడు.

ఏమైందని అడిగితే ఒకటే చెప్పేవాడు.

"ఒళ్లు తడిసిన గోనెసంచిలాగుందిరా. మొయ్యలేకపోతన్నాను."

తాగుడు లేదు. ఎవరితోనూ తగువు లేదు. జ్వరం లేదు. లోపం వెతికేవాడికి ఇంతకంటే గడ్డు కేసు ఉండదు. అన్ని తీగలూ సరిగ్గానే ఉన్నాయి, అవతల మాత్రం మోగడం లేదు.

దగ్గర్లోని ఆసుపత్రిలో నీరసం అన్నారు, బి-కాంప్లెక్స్ ఇచ్చారు. మా కొండల్లో ముహూర్తాలు చూసి వేళ్ల మందులిచ్చే దిసారి వచ్చి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తనకు తెలిసిన వాటిలో ఏదీ ఇది కాదని చెప్పి, ఇవ్వబోయిన కోడిని కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆయన మీద మాత్రం నాకు కోపం లేదు.

నేను సెలవు పెట్టి అన్నయ్యను కిరండోల్ పాసింజరులో విశాఖ తీసుకెళ్లాను. పెద్దాసుపత్రి మానసిక విభాగంలో డాక్టరు కాసేపు విన్నాడు. నా వైపు చూసి ఇంగ్లీషులో, ఇది డిప్రెషన్, ఈ మాత్రలు వాడండి, అయిపోయాక మళ్లీ తీసుకురండి అన్నాడు. అన్నయ్య వైపు తిరిగి తెలుగులో ఒక్క మాట చేర్చాడు.

"హ్యాపీగా ఉండాలయ్యా, ఏం?"

అన్నయ్య తల ఊపాడు. ఎవరేమన్నా ఊపేవాడు అప్పట్లో.

జబ్బు సరిగ్గానే కనిపెట్టాడు. మాత్రలూ సరైనవే. అది తర్వాత నాకు తెలిసింది. ఆయన చెప్పనివి కూడా తర్వాతే తెలిశాయి. ఈ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది. మొదట్లో నోరు ఎండుతుంది, కడుపులో తిప్పుతుంది. బాగుందనిపించినా, బాగోలేదనిపించినా మన అంతట మనం ఆపకూడదు. చావాలనే ఆలోచన వస్తే దాచకూడదు, వెంటనే రావాలి. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి పట్టే సమయంలో ఆయన టీ గ్లాసులో పడిన ఈగను తీసి, బల్ల తుడిపించి, ప్యూనును ఒకసారి తిట్టాడు.

ఊరికి వచ్చేసరికి మా తోటలో పండు చెట్టు మీదే నల్లబడుతోంది.

మా దగ్గర కాఫీ కోతకు కూలీలను పెట్టుకోరు. ఇంటింటికీ బదులు పని. ఇవాళ ఊరంతా మీ తోటలో, రేపు ఊరంతా మా తోటలో. మనిషి జబ్బు పడితే ఆ ఇంటి నుంచి ఎవరూ రాకపోయినా అతని తోట కోసిపెడతారు. దాన్ని ఎవరూ దయ అనుకోరు, అది కట్టు. కానీ కట్టుకు ఒక షరతు ఉంది. జబ్బుకు పేరుండాలి. మలేరియా, కామెర్లు, పాము కాటు, కాలు విరగడం, దిసారి పేరు పెట్టిన దెయ్యం పట్టు ఏదైనా చెల్లుతుంది. పేరు లేకుండా పడుకున్నవాడిని ఊరు బద్ధకస్తుడి కిందే లెక్కేస్తుంది. వదిన ఒక్కతే కోస్తే ఆ తోట తెగదు.

అందుకే పేరు పట్టుకుని ఊరిపెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన మా నాన్నకు వరసకు అన్న.

"పెదనాన్నా, అన్నయ్యకు జబ్బు. పెద్దాసుపత్రిలో చెప్పారు."

"పేరేటి?"

"డిప్రెషన్."

"అదెక్కడుంటాది? కడుపులోనా, గుండెకాయలోనా?"

"మనసులో."

"మనసులోనుంటే సేతికేటయింది?" అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగాడు. "కోసేది సేతుల్తో కదేటి?"

గుమ్మంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్న ఆయన భార్య నోట్లోంచి చుట్ట తీసి, "మా ఇంటాయనకీ అదే జబ్బు బావూ. ప్రతీ ఏడూ కోతల్నాడే వత్తాది," అంది. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాకు చెయ్యి లేవబోయింది. పెద్దావిడ కాబట్టి ఆగాను.

సూదులాయన సంగతి వదిన సంతలో విని వచ్చింది. మైదానం నుంచి వచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థ కింది ఊరి బడిలో ఖాళీ గది తీసుకుని వారానికి రెండుసార్లు ఆక్యుపంక్చర్ శిబిరం పెడుతోంది. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. విశాఖలో ఎవరి దగ్గరో ఈ విద్య నేర్చుకున్నాడు. నడుం నొప్పులకు, మోకాళ్ల నొప్పులకు జనం వెళ్తున్నారు.

నేను నమ్మలేదు. అయినా అన్నయ్యను భుజం పట్టి దింపుకుని వెళ్లాను, ఎందుకంటే నా దగ్గర వేరే దారి లేదు. వెళ్లగానే ప్రశ్నలు మొదలుపెట్టాను. సూదులు కొత్తవేనా? ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడతారా? ఏ చుక్కలో గుచ్చితే లోపల ఏం జరుగుతుంది? దాన్ని ఎవరైనా కొలిచారా?

ఆయన విసుక్కోలేదు. నా కళ్లముందే కొత్త పొట్లం చింపి చూపించాడు.

"ప్రాణశక్తి అని మా గురువుగారు చెప్పేవారు బాబూ. కొలిచే మీటరు నా దగ్గర లేదు. కొంతమందికి నిద్ర పడుతోంది. అది నేను చూశాను. అంతకు మించి చెప్తే అబద్ధం."

ఆ తర్వాత స్టూలు లాక్కుని అన్నయ్య పక్కన కూర్చున్నాడు. రెండు మణికట్లూ పట్టుకుని నాడి చూశాడు. నాలుక చూశాడు. ఏ వేళకు మెలకువ వస్తోంది, వచ్చాక మొదట ఏం తోస్తుంది, ఏ వంట ఇష్టంగా ఉండేది, అది ఇప్పుడెలా ఉంది, ఎప్పుడైనా నవ్వొచ్చిందా, ఇవన్నీ అడిగాడు. అన్నయ్య జవాబు రావడానికి ఎంతసేపు పడితే అంతసేపు ఊరుకున్నాడు. పెద్ద చదువు చదివిన డాక్టరు చేయాల్సిన పని ఆరు నెలల కోర్సు చేసిన మనిషి చేస్తున్నాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పళ్లు నూరుకున్నాను.

అంత అడిగిన మనిషి ఒక్కటి అడగలేదు. వేరే మందులేమైనా వాడుతున్నావా అని.

నేనే చెప్పి ఉండేవాణ్ణి. సరిగ్గా అప్పుడే ఊరిపెద్ద తన మోకాలి నొప్పితో లోపలికి వచ్చాడు. ఆయన వెనక కిటికీ దగ్గర ఆడవాళ్లు చేరారు. సూదులు దిగాయి. ఎనిమిది లెక్క తేలింది.

మర్నాడు పొద్దున్నే మా తోట నిండా జనం. బుట్టలు నడుముకు కట్టుకుని వరస వరసకూ ఇద్దరేసి చొప్పున కోస్తున్నారు. పెద్దావిడ అడ్డపొగ నోట్లో పెట్టుకునే అందరికంటే ముందు కొమ్మలు వంచుతోంది.

"పాపం, నడినెత్తిన దింపినాడంటే సూదిని! మా ఒంట్లో ముల్లు దిగితేనే ఓర్సలేం," అంది నన్ను చూసి.

తోట తెగింది. పండు తొక్క తీసే పల్పింగుకు వెళ్లింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు. ఒక మనిషి లోపల్లోపల కాలిపోతుంటే, చూడ్డానికి అతని ఒంటి మీద ఇనుము నిలబెట్టాలి. రక్తం చుక్క కనబడాలి. అప్పుడే ఊరికి గుండె కరుగుతుంది. అన్నయ్య మింగే మాత్ర మింగాక కనబడదు, అందుకే అది లేదు. ఈ లెక్కకు ఆ రోజు మండిపోయాను.

అన్నయ్య మాత్రం శిబిరానికి నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు. వదిన తోడు వెళ్లేది. సూదులాయన ఆమెకు మణికట్టు లోపలి వైపు ఎక్కడ నొక్కాలో చూపించాడు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పాడు. పొద్దున ఎండలో నడవమన్నాడు. సూదుల వల్ల ఏమనిపిస్తోందని నేను అడిగాను. వైద్యం గురించే అడిగాను కానీ, అన్నయ్య చెప్పింది వేరు.

"అయ్యి ఉన్నంతసేపూ నన్నెవులూ లెగమనరురా. కదిలితే ఆయనే వద్దంటాడు. అదే సుకం."

కొంచెం తేరుకుంటున్నాడనుకుని నేను డ్యూటీకి దిగిపోయాను. మాత్రలు ఎలా వేయాలో అమ్మకు రెండుసార్లు చెప్పి, తిరిగి నాకు చెప్పించుకుని మరీ వెళ్లాను. అమ్మ తప్పు లేకుండా అప్పజెప్పింది.

మళ్లీ సెలవు దొరికి కొండెక్కేసరికి వదిన గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మీ అన్న బాగయిపోతన్నాడు బావూ. నిన్న నన్ను తోటంతా తిప్పినాడు. గట్లన్నీ సూపించినాడు, ఏ చెట్టు కాడికి మనది, ఏ రాయి కాడి నుంచి అవతలోళ్లది, అన్నీ. మా తమ్ముడికి గొడ్డలి కూడా ఇచ్చీసినాడు. రేడియో పక్కింటి గుంటకిచ్చినాడు. మనసు తేలికైనట్టుంది."

సంచి గుమ్మంలోనే పడేసి అన్నయ్య కోసం పెరట్లోకి పరుగెత్తాను. వదిన నవ్వుతూనే ఉంది.

అన్నయ్య పెరట్లో కట్టెల మోపు మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు. కళ్లు మొదటికంటే లోపలికి పోయాయి. ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. డొంకతిరుగుడుగా అడిగే తెలివి నాకు లేదు. ఉన్న ప్రశ్న ఉన్నట్టే అడిగాను.

"అన్నయ్యా, చచ్చిపోదామనుకుంటున్నావా?"

తల తిప్పి నా వైపు చూశాడు. ఎన్నో వారాల తర్వాత నేరుగా నా కళ్లలోకి చూడడం అదే.

"అవున్రా."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవులడిగినారని?"

ఎవరూ అడగలేదు. నాడి పట్టుకున్న ఆయన అడగలేదు. డాక్టరు అడగలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయమట, అందరికీ. అది అప్పటికే అక్కడ పుట్టి, పెరిగి, గట్లు చూపించి వచ్చింది. నేను అతని పక్కనే మోపు మీద కూర్చున్నాను. ఆ పూట నుంచి ఎవరో ఒకరం అతన్ని అంటిపెట్టుకునే ఉన్నాం.

మాత్రలు పనిచేయలేదేమో అనుకుని అమ్మను అడిగాను. అమ్మ అటక మీంచి మూకుడు దించింది. అందులో మాత్రల అట్టలు కొత్తగా, విప్పకుండా, ఆకులో చుట్టి ఉన్నాయి.

"ఇవి వెయ్యలేదా?"

"సూదులు మొదలెట్టినాక వెయ్యనేదు నాయినా."

"ఎవరు మానమన్నారు?"

"ఎవులూ అన్నేదు. ఒక సేతి మందు ఒంట్లో ఉండగా ఇంకో సేతి మందు ముట్టకూడదు కదేటి? రెండూ కొట్టుకుంటాయి. ఆ సూదుల బావుకి అవమానం కూడా. నీకు తెల్దా?"

తెలుసు. మా కొండల్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. దిసారి వేరు మందు ఇస్తే అది అరిగేదాకా వేరేవాళ్ల చేతి కషాయం కూడా తాగరు. అమ్మ నా మాట పెడచెవిన పెట్టలేదు, బద్ధకించలేదు. కొడుకు మీద ప్రేమతో, ఒక వైద్యుడి మీద గౌరవంతో, తనకు తెలిసిన శాస్త్రం ప్రకారం కొడుకును గోతి అంచుకు తీసుకొచ్చింది. అరవడానికి నోరు తెరిచాను. ఆవిడ ఆ అట్టలను తేమ తగలకుండా ఎంత జాగ్రత్తగా చుట్టిందో చూసి, ఆవిడ మీద అరవలేకపోయాను.

"ఇప్పుడు వెయ్యి," అన్నాను.

"ఆ బావు సెప్పాల. ఆయన సేతిలో ఉన్నాడు మీ అన్న."

అన్నయ్య కూడా అమ్మ ఊ అనందే మాత్ర ముట్టనన్నాడు. నేను మా అమ్మతో వాదించి గెలవలేను. అందుకని కోపమంతా మూటగట్టుకుని, అందరినీ వెంటబెట్టుకుని కింది ఊరికి దిగాను. ఆ రోజు శిబిరం ఉంది. మంచాల మీద మనుషులున్నారు. నేను ఎవరినీ లెక్కచేయలేదు. అట్టలు ఆయన ట్రేలో విసిరాను. సూదులు చెల్లాచెదరయ్యాయి.

"ఇవి వాడుతున్నాడని మీరెందుకు అడగలేదు?"

ఆయన అట్ట తీసి పేరు చదివాడు. ముఖం పాలిపోయింది.

"వాడుతున్నాడా?"

"వాడేవాడు. మీ దగ్గరికి వచ్చాక మా అమ్మ మాన్పించింది. నిన్న మా అన్నయ్య పెళ్లానికి పొలం గట్లు అప్పజెప్పాడు. అర్థమైందా మీకు? గట్లు అప్పజెప్పాడు!"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు.

"మా గురువుగారు ఇంగ్లీషు మందులుంటే సూది పనిచేయదు, మాన్పించు అనేవారు. నాకు అలా చెప్పడానికి ధైర్యం చాలదు బాబూ. వాడమని చెప్పడానికీ ధైర్యం చాలదు. అందుకని అడగడమే మానేశాను. అందరినీ అంతే."

"మీకు చాలని ధైర్యానికి మా అన్నయ్య పోయేవాడు."

"అవును," అన్నాడు.

సాకు చెప్పి ఉంటే కొట్టేవాణ్ణేమో. చెప్పలేదు. లేచి చేతులు కడుక్కున్నాడు. ఒక మాత్ర విడదీసి, సూదులు పెట్టే ట్రేలోనే దూది మీద పెట్టాడు. అమ్మను పిలిచాడు.

"అమ్మా, ఇటు చూడండి. ఇదీ నా మందే. సూదీ నాదే, మాత్రా నాదే. ఒక్క చెయ్యే. నేను ఇస్తున్నాను, మీరు రోజూ నా మాట మీద ఇవ్వాలి. సూదికి రాకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం మానకూడదు."

అమ్మ ఆయన చేతి వైపు, ట్రే వైపు చూసింది. "అలగైతే సరే," అంది. అన్నయ్య ఆయన చేతిలోంచి మాత్ర తీసుకుని మింగాడు.

పరీక్షలు చేసి, కొలిచి, నిరూపించి తయారుచేసిన మందు. అది మా ఇంట్లోకి రావడానికి ఎవరూ కొలవని సూదుల పళ్లెంలో పడుకుని రావాల్సి వచ్చింది. నాకు అప్పుడు ఒళ్లు మండింది. తలచుకుంటే ఇప్పుడూ మండుతుంది. కానీ మాత్ర లోపలికి వెళ్లింది.

మర్నాటి పాసింజరులో ఆయన కూడా మాతో విశాఖ వచ్చాడు. నేను పిలవలేదు. సొరంగాలు దాటుతున్నంతసేపూ అన్నయ్యకు ఒక పక్క నేను, ఇంకో పక్క ఆయన. డాక్టరు ముందు జరిగిందంతా తానే చెప్పాడు, తన పేరు దాచకుండా, తాను అడగని సంగతి దాచకుండా. డాక్టరు ఈసారి అన్నయ్యను నేరుగా అడిగాడు, చావాలని ఉందా అని. ఉందన్నాడు అన్నయ్య. వార్డులో చేర్చుకున్నారు. వచ్చేముందు డాక్టరు నాతో, సూదులు తోడుగా వేయించుకుంటే అభ్యంతరం లేదు, మందుకు బదులుగా మాత్రం కాదు అన్నాడు. ఏ వైద్యం చేయించినా ఈ మందు మానకూడదన్న ఆ ఒక్క ముక్క మొదటిసారే, తెలుగులో, మా అమ్మ దాకా చేరేలా చెప్పి ఉంటే ఎంత బాగుండేదన్నాను. ఓపీలో జనం చూశారు కదా అన్నాడు. చూశాను. జనం ఎక్కువుంటే మాట తక్కువ కావాలని నేనెక్కడా చదవలేదని చెప్పాను. ఆయన తర్వాతి చీటీ పిలిచాడు.

అన్నయ్య కోలుకున్నాడు. ఒక్కసారిగా కాదు. మొదట నిద్ర తిరిగొచ్చింది, తర్వాత ఆకలి. ఒకనాడు అంబలిలో ఉప్పు చాలలేదని వదిన మీద కసురుకున్నాడు. వదిన ఆ సంగతి ఊరంతా పండగలా చెప్పుకుంది. ఏది పనిచేసిందో నేను చెప్పలేను. మాత్ర, సూది, ఎండలో నడక, ఊరు కోసిపెట్టిన తోట, లేవమనేవాళ్లు లేని ఆ కాసేపు. నాలుగైదు భాగాలు ఒకేసారి మార్చితే ఏది చెడిందో, ఏది బాగుచేసిందో తేలదు. మా ఎక్స్ఛేంజిలో అలా చేసినవాడిని తిడతారు. మాత్రలు ఆపినప్పుడు ఏం జరిగిందో మాత్రం కళ్లారా చూశాను కాబట్టి, ఆ ఒక్కటీ తేలింది.

సంస్థకు నిధులు ఆగిపోయి, వానాకాలం మొదలయ్యేసరికి శిబిరం ఎత్తేశారు. ఊరికి ఒక మాట కూడా చెప్పలేదు. నెలకోసారి మాత్రలకు అన్నయ్యే విశాఖ వెళ్లి వచ్చేవాడు.

తర్వాతి కోతల్లో అన్నయ్య ఊరిపెద్ద తోటకు బదులు పనికి వెళ్లాడు. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా సిన్నగుంట పడుకునే ఉంది. వానలప్పట్నుంచి. బయటికి తెలకుండా ఉంచినాం," అన్నాడు అన్నయ్యతో. "నీకు సెప్పిన పేరే అనుకుంటన్నాను. నాకు పలకడం రాదు."

నా నోటి దాకా ఒక మాట వచ్చింది. చాలా కాలంగా సిద్ధం చేసి పెట్టుకున్న మాట. అన్నయ్య నన్ను మాట్లాడనివ్వలేదు.

"రేపు పాసింజరుకెల్దాం పెదనాన్నా. బేగి రండి. దార్లో తినడానికేటైనా కట్టించండి."

పొద్దున స్టేషనుకు ఊరిపెద్ద, ఆయన కూతురు, భార్య వస్తారనుకున్నాం. వాళ్ల వెనకే ఇంకొందరు వచ్చారు. పై వీధిలో ఒంటరిగా ఉండే ఆవిడ. పశువులు కాసే ఆయన, అతన్ని చెయ్యి పట్టుకుని తెచ్చిన అన్న. పెళ్లయి తిరిగొచ్చేసిన ఒక అమ్మాయి, ఆమె తల్లి. ఎవరూ ఎవరి ముఖాలూ చూడడం లేదు. అన్నయ్య అందరికీ టిక్కెట్లు తీసి, కిటికీల పక్కన కూర్చోబెట్టాడు. ఇన్నాళ్లూ వీళ్లంతా ఎక్కడున్నారు? మా అన్నయ్యను చూసి నవ్వినవాళ్ల మధ్యే, నోరు మూసుకుని, వాళ్లతో పాటు నవ్వుతూ ఉన్నారు.

ఆసుపత్రిలో చీటీలు రాయించడానికి నేను వరసలో నిలబడ్డాను. జబ్బు ఉన్నవాళ్లు ఎవరు, తోడొచ్చినవాళ్లు ఎవరు అని విడదీసి చెప్తున్నాను. ఊరిపెద్ద భార్య వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాకూ ఒకటి రాయించు బావూ," అంది, భర్తకు వినబడకుండా.

ఆ రోజు మానసిక విభాగంలో మా ఊరివాళ్లకు రాసిన చీటీలు, అన్నయ్యది కలపకుండా, ఐదు.